భాయిజాన్ పజెరో

అమీర్‌పేట్ మెట్రో స్టేషన్ కింద నిలబడి తల ఎత్తితే ఆకాశం కంటే ముందు బోర్డులు కనిపిస్తాయి. జావా, పైథాన్, టెస్టింగ్, పక్కనే లేడీస్ హాస్టల్, ఆ పక్కన టిఫిన్ సెంటర్. ఆ బోర్డుల వెనక రెండు గల్లీలు దాటితే ఒక రేకుల షెడ్డు ఉండేది. 2019 ఎండాకాలం నుంచి దాదాపు రెండేళ్లు మా భాయిజాన్ ఫజర్, ఇషా నమాజులు ఇంటి పక్క మస్జిద్‌లో చదివి, మిగతా జిందగీ మొత్తం ఆ షెడ్డులోనే గడిపారు. కారణం ఒక బండి. 2006 మోడల్ మిత్సుబిషి పజెరో.

ఈ బండి పేరు మనలో చాలామందికి తెలుసు, కానీ రోడ్డు మీద చూసినవాళ్లు తక్కువ. 2002లో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు దీన్ని పజెరో ఎస్‌ఎఫ్‌ఎక్స్ పేరుతో మన దేశంలో అమ్మడం మొదలుపెట్టారు. 2.8 లీటర్ల డీజిల్ ఇంజన్, పైన బాడీ, కింద నిచ్చెనలాంటి ఛాసిస్. సుమోలు, స్కార్పియోలు, తర్వాత ఇన్నోవాలు ఏలిన ఊళ్లో పజెరో ఎప్పుడూ అరుదే. ఖలీజ్ దేశాల్లో మాత్రం ఇది మన మారుతి కారులాంటిది. అక్కడ పని చేసి వచ్చిన మన వాళ్లెవరిని అడిగినా దీని గురించి ఒక కిస్సా చెబుతారు. పారిస్-డకార్ ర్యాలీలో పన్నెండు సార్లు గెలిచిన బండి, అందులో 2001 నుంచి 2007 వరకు వరుసగా ఏడు సార్లు. ఇవన్నీ నాకు తెలిసినవి కావు, భాయిజాన్ చెప్పగా చెప్పగా నోటికొచ్చినవి.

మా అబ్బా ఒక సర్కారీ దఫ్తర్‌లో జీపు డ్రైవర్. సెలవుల్లో ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ వైపు క్యాంపులకు వెళ్తే ఒక్కోసారి భాయిజాన్‌ను వెంట తీసుకెళ్లేవారు. నన్ను తీసుకెళ్లలేదు. నేను చిన్నవాణ్ని, పైగా వాంతులు చేసుకునేవాణ్ని. అట్లా జీపు భాయిజాన్ నసీబ్‌లో పడింది, కితాబులు నా నసీబ్‌లో పడ్డాయి. ఇద్దరం ఉర్దూ మీడియమే. ఆయన పదో తరగతితో ఆపేసి స్టీరింగ్ పట్టుకున్నారు. నేను తెలుగులో డిగ్రీ చేసి అఖ్‌బార్ నౌకరీలో పడ్డాను. 1994లో ఆయన దమ్మామ్ వెళ్లారు. ఒక కంపెనీలో డ్రైవర్. ఇసుక మధ్యలో ఉండే క్యాంపులకు మనుషుల్ని, సామాన్లను చేరవేసే పని. ఆ పని ఇరవై నాలుగేళ్లు చేశారు.

2011లో అబ్బా ఇంతెఖాల్ అయ్యారు. భాయిజాన్‌కు ఖబర్ అందింది, కానీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం మీద పడాల్సిన సంతకం పడలేదు. ఆయన వచ్చేసరికి జనాజా అయిపోయింది, మూడో రోజు జియారత్ కూడా అయిపోయింది. విమానం దిగి నేరుగా ఖబ్రస్తాన్‌కే వెళ్లారు. అక్కడ ఆయన ఏడవలేదు. మట్టిని చేత్తో సర్ది, "లేటైంది అబ్బా" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం ఉంది.

2017 జూలై నుంచి సౌదీలో ఫ్యామిలీ ట్యాక్స్ మొదలైంది. మొదటి ఏడాది తలకు నెలకు వంద రియాళ్లు, తర్వాత ఏటా ఇంకో వంద. భార్యాపిల్లలతో ఉన్న మన హైదరాబాదీలు ఎందరో ఆ రెండు మూడేళ్లలో సామాన్లు సర్దుకుని వచ్చేశారు. 2018లో భాయిజాన్, భాబీ, వాళ్ల బిటియా కూడా వచ్చేశారు. బిటియాకు కంప్యూటర్ కోర్సులు దగ్గరగా ఉంటాయని అమీర్‌పేట్ వెనక కిరాయికి దిగారు. నేను, అమ్మీ, మా బేగం, పిల్లలు పంజగుట్టలో. మధ్యలో ఒక్క మైలు దూరం. ఇన్నేళ్ల తర్వాత అన్నదమ్ములం మళ్లీ దగ్గరయ్యాం అనుకున్నాను.

మనిషి దగ్గరయ్యాడు గానీ దిల్ అక్కడే ఉండిపోయింది. దమ్మామ్‌లో ఆయన ఉస్తాద్. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు ఇసుకలో బండి నడపడం నేర్పేవారు. ఇక్కడ ఆయన "సౌదీ నుంచి వచ్చి ఖాళీగా ఉన్న ఆయన". క్యాబ్ నడపమన్నాను, మ్యాప్ చూసుకుంటూ నడపడం నచ్చలేదు. దుకాణం పెట్టమన్నాం, లెక్కలు రావన్నారు. 2019 మార్చిలో ఒకరోజు ఫోన్ చేసి, "ఛోటే, కిందికి రా" అన్నారు. కిందికి దిగితే గల్లీ మొత్తం ఆక్రమించి నిలబడి ఉంది పజెరో. మూడు లక్షల నలభై వేలు. ఆయన ముఖంలో ఆ నవ్వు నేను అబ్బా జీపు రోజుల తర్వాత మళ్లీ చూడలేదు.

బండి కొనడంతో ఆగలేదు. షెడ్డు ఉస్తాద్, ఆయన దగ్గర పనిచేసే వెల్డింగ్ అన్న, భాయిజాన్ ముగ్గురూ కలిసి దాన్ని ఆఫ్ రోడ్ బండిగా మార్చడం మొదలుపెట్టారు. ముందు భాగంలో బరువైన ఇనుప బుల్ బార్, దాని మీద విన్చ్. నెత్తి మీద పొడుగాటి ఎల్‌ఈడీ లైట్ బార్. బురద పళ్లున్న అయిదు పెద్ద టైర్లు. తర్వాత బండిని రెండు అంగుళాలకు పైగా ఎత్తారు. పజెరోకు ముందు వైపు కమాన్ పట్టీలుండవు, టార్షన్ బార్ అనే ఉక్కు కడ్డీ మెలి తిరిగి స్ప్రింగులా పనిచేస్తుంది. దాని బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది. వెనక కాయిల్ స్ప్రింగుల కింద మందపాటి బిళ్లలు పెట్టారు. మొత్తం ఖర్చు రెండు లక్షల అరవై వేలు.

సాయంత్రం క్లాసు అయ్యాక బిటియా షెడ్డుకు వచ్చేది. ఇంగ్లీషు మాన్యువల్ చదివి ఉర్దూలో చెప్పేది. స్టూలు మీద కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ బ్యాగు పెట్టుకుని, "అబ్బూ, టార్షన్ బార్ ఎక్కువ బిగిస్తే చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుందంట. యాక్సిల్ జాయింట్ల మీద వంపు పెరుగుతుందంట" అనేది. ఉస్తాద్ పానా తిప్పుతూ, "అరే బేటీ, కితాబ్ అలగ్ హై, కామ్ అలగ్ హై" అని నవ్వేవాడు. కితాబ్‌దే నిజమని తర్వాత తెలిసింది. ఎత్తు పెరిగినట్టు కనిపించింది, కానీ ముందు చక్రాలు గుంతలోకి చాచుకోవడం తగ్గింది. ఆరు నెలల్లో రబ్బరు బూట్లు రెండూ చిరిగి గ్రీజు కారింది. బండి గట్టిబడి, స్పీడ్ బ్రేకర్ దాటితే నడుము పట్టేసేది.

ఆ ఆగస్టులో, బక్రీద్ అయిన వారానికి, వికారాబాద్ దాటి కోటపల్లి చెరువు వైపు వెళ్లాం. నేను, భాయిజాన్, బిటియా, నా కొడుకు. అనంతగిరి గుట్టలు, మూసీ పుట్టే చోటు, సన్నటి వాన. ఒక చేను పక్క బండ్ల బాటలో భాయిజాన్ లీవర్ వేసి, నాలుగు చక్రాలకూ దమ్ము ఇచ్చి ఇసుకలో దూకినట్టే దూకారు. యాభై గజాలు పోయామో లేదో, బండి పక్కకు జారి పొట్ట మీద కూర్చుంది.

ఇసుక వేరు, మన నల్లరేగడి వేరు. ఇసుకలో టైరు గాలి తగ్గిస్తే అది ఒంటె పాదంలా వెడల్పయి తేలుతుంది. వేగం ఆపకుండా పోతే దాటేస్తుంది. రేగడి తడిస్తే సబ్బు. టైరు పళ్ల మధ్య ఇరుక్కుని చక్రం నున్నటి బోండాలా అయిపోతుంది. ఎంత తిప్పితే అంత లోతుకు దిగుతుంది. అక్కడ కావాల్సింది జోష్ కాదు, సబర్. తక్కువ గేరు, మెల్లటి కాలు, దిగే ముందు నడిచి చూడటం. ఇరవై నాలుగేళ్ల ఇల్మ్ భాయిజాన్‌కు ఆ యాభై గజాల్లో పనికిరాలేదు.

విన్చ్ ఉంది కదా అన్నాను. విన్చ్ తాడు కట్టడానికి ముందుండాల్సిన చెట్టు లేదు, అంతా చేనే. చివరికి ఒక రైతన్న ట్రాక్టర్ తెచ్చాడు. బండికి వెనక గట్టి కొక్కెం లేదు. ఉన్నదానికే తాడు కట్టారు. తాడు బిగుసుకుంటుంటే ఆ రైతన్న పిల్లల్ని చూసి, "దూరం జరుగుండ్రి బిడ్డా, తెగితే తల లేస్తది" అన్నాడు. తెగలేదు, అల్‌హందులిల్లాహ్. డబ్బులిస్తే తీసుకోలేదు. బండిని పైకీ కిందికీ చూసి, "ఇంత పెట్టి కొన్నరు, ఇదెందుకు సార్?" అని మాత్రం అడిగాడు.

తిరుగు ప్రయాణంలో అదే సవాల్ నేను అడిగాను. ఆయన అడిగినంత మర్యాదగా అడగలేదు. పిల్లల ముందే అడిగాను. ఇది షౌఖ్ కాదు, ఇస్రాఫ్ అన్నాను. బిటియా షాదీ సంగతేంటి అన్నాను. ఆ రాత్రి ఇంకో పని కూడా చేశాను. నా అఖ్‌బారీ బుద్ధి ఊరుకోలేదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రింటు తీసి తెల్లారి ఆయన చేతిలో పెట్టాను. కంపెనీ తయారు చేసిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని చట్టం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టానికి చేసిన సవరణలో యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల జుర్మానా, లేదా రెండూ అని రాశారు. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, ఇనుప కడ్డీ ఉంటే ఆ దెబ్బ లోపల కూర్చున్నవాళ్లకూ ఎదురుగా నడిచేవాళ్లకూ పోతుంది. నేను చెప్పినదంతా సహీ. చెప్పిన తీరు గలత్.

భాయిజాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు చదువుకున్నవాడివి" అన్నారు. అంతే. ఆ తర్వాత పద్నాలుగు నెలలు మా మధ్య సలాం, వాలేకుం సలాం తప్ప మాటల్లేవు. లాక్‌డౌన్ వచ్చింది, రంజాన్ ఇళ్లలోనే గడిచింది, ఈద్ నమాజ్ కూడా ఇంట్లోనే చదివాం. ఒక్క మైలు దూరంలో ఉండి ఆయన గలే మిలే అవకాశం కూడా రాలేదని నేను కరోనా మీదికి నెట్టేశాను.

2020 అక్టోబర్ 13. ఆ రాత్రి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. శివార్లలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటిన వాన. 1908 మూసీ తుఫాను గురించి పెద్దలు చెప్పిన కిస్సాలన్నీ అమ్మీకి ఆ రాత్రి గుర్తొచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నరకు పాతబస్తీ నుంచి ఖాలా ఫోన్. ఫలక్‌నుమా అవతల, పల్లె చెరువు నీళ్లొచ్చే దారిలో వాళ్ల బస్తీ. అమ్మీకి ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు. "ఆపా, నీళ్లు దహ్లీజ్ దాటాయి" అంది. ఖాలూకు పక్షవాతం, లేవలేరు. కోడలు ఏడో నెల. నేను నాకు తెలిసిన నంబర్లన్నీ కొట్టాను. అన్నీ బిజీ. అమ్మీ నా ముఖం చూసింది. తర్వాత నా చేతిలోంచి ఫోన్ తీసుకుని భాయిజాన్‌కు చేసింది.

ఏడు నిమిషాల్లో కింద హారన్. నేను దిగేసరికి డ్రైవర్ సీట్లో భాయిజాన్. నన్ను చూసి, "కూర్చో. ఈసారి లేటు కావొద్దు" అన్నారు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో మా ఇద్దరికీ తెలుసు.

మాసబ్ ట్యాంక్, మెహదీపట్నం, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. పైన ఉన్నంతసేపు నీళ్లు లేవు. దిగాక ఏది రోడ్డో ఏది నాలానో తెలియలేదు. ఎల్‌ఈడీ లైట్ బార్ వేస్తే వాన చినుకులన్నీ తెల్లటి పరదాలా వెలిగి ముందు ఏమీ కనిపించలేదు, ఆర్పేశారు. మామూలు లైట్లే దారి చూపాయి. ఖాలా గల్లీ మొగకు చేరేసరికి నీళ్లు మోకాలి దాకా. మొదటి ట్రిప్పు ఖాలూ, ఖాలా, కోడలు. గల్లీ కుర్రాళ్లు ఖాలూను చాపలో ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. ఎత్తు మీదున్న ఒక షాదీఖానాలో దించాం. రెండో ట్రిప్పు ఖాలా కొడుకు, ఇద్దరు పిల్లలు, పక్కింటి రెడ్డిగారి ముసలమ్మ. నేను అప్పుడు భాయిజాన్ వైపు చూశాను. స్టీరింగ్ మీద ఆయన చేతులు అబ్బా చేతుల్లాగే ఉన్నాయి.

మూడో ట్రిప్పు వెళ్లాల్సిన అవసరం లేదు. మన వాళ్లంతా బయటపడ్డారు. కానీ గల్లీ చివర ఇంకో ఇంటి మేడ మీంచి టార్చ్ ఊపుతున్నారు. భాయిజాన్ గేరు వేశారు. నేను ఆపలేదు. నీళ్లు బంపరు దాటాయి. నెమ్మదిగా ఒకే వేగంతో పోతుంటే ముందు అల తోసుకుంటూ బండి బాగానే పోతోంది. అంతలో ఎదురుగా ఒక లారీ భయంతో వేగంగా వచ్చింది. దాని అల మా బానెట్ మీద నుంచి పోయింది. ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

ఆ క్షణంలో తాళం తిప్పకూడదు. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఇదంతా రాస్తున్నాననుకున్నా ఫర్వాలేదు. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజన్ గాలి పీల్చి, ఆ గాలిని నొక్కి బతుకుతుంది. గాలిని నొక్కొచ్చు, నీళ్లను నొక్కలేం. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టర్ తిప్పితే పిస్టన్ పైకి పోలేక, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ సంగతి దమ్మామ్ ఇసుకలో ఎవరూ నేర్పరు. భాయిజాన్ తాళం తిప్పారు. లోపల ఎముక విరిగిన చప్పుడు.

కిటికీల్లోంచి బయటపడి, నడుం లోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని గోడల వెంట షాదీఖానా దాకా వచ్చాం. మేడ మీది వాళ్లను తెల్లారాక పడవలో దించారు, వాళ్లంతా సలామత్. ఆ రాత్రి అందరూ అంత ఖుష్‌నసీబ్ కాదు. ఆ చుట్టుపక్కల బస్తీల్లో కుటుంబాలకు కుటుంబాలు కొట్టుకుపోయాయి. తెల్లారి నేను రాసిన ఖబర్‌లో ఆ పేర్లున్నాయి. మేము ఎక్కిన ఎత్తు ఇంకో ఫర్లాంగు అటు ఉంటే మా పేర్లూ ఉండేవి. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, పజెరోలాంటి బండిని కూడా తేల్చుకుపోతాయని తర్వాత చదివాను. నడుం లోతులో మేం చేసింది బహదూరీ ఎంత, బేవకూఫీ ఎంత అని ఇప్పటికీ లెక్క తేలలేదు.

నాలుగో రోజు బండిని టోచన్ చేసి అమీర్‌పేట్ షెడ్డుకు తెచ్చారు. ఉస్తాద్ ఇంజన్ విప్పాడు. ఒక రాడ్ వంగింది, బ్లాక్ బతికింది. గేర్‌బాక్సులో, వెనక డిఫరెన్షియల్‌లో ఆయిల్ చాయ్ రంగులో ఉంది. వేడిగా ఉన్న యాక్సిల్ ఒక్కసారి చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. దానికి ఊపిరి తీసే చిన్న గొట్టం పొట్టిగా ఉంటే గాలి బదులు నీళ్లు పీలుస్తుంది. ఆ గొట్టానికి రబ్బరు పైపు తగిలించి ఇంజన్ పైభాగం దాకా తీసుకెళ్తే సరిపోయేది. ఖర్చు మూడు నాలుగు వందలు. రెండు లక్షల అరవై వేలు పెట్టిన బండిలో ఆ మూడు వందల పని చేయలేదు. ఎందుకంటే అది బయటికి కనిపించదు.

రిపేరుకు డబ్బు కావాలి. నేను ఇస్తానన్నాను, ఆయన వద్దన్నారు. మరుసటి వారం నేను షెడ్డుకు వెళ్లేసరికి బుల్ బార్, విన్చ్, లైట్ బార్ ఊడదీసి గోడకు ఆనించి ఉన్నాయి. బిటియా వాటి ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టింది. ముప్పావు ధర కూడా రాలేదు గానీ ఇంజన్ పనికి సరిపోయింది. ఆయన ఏ సామాను చూసుకుని మురిసిపోయారో, అదే అమ్ముడుపోయి బండికి ప్రాణం పోసింది. రాడ్ కోసం రాణిగంజ్ దుకాణాలన్నీ తిరిగాం, ఢిల్లీ కశ్మీరీ గేట్‌కు ఫోన్లు చేశాం. చివరికి దమ్మామ్ దోస్తు ఒకరు అక్కడి తష్లీహ్‌లో, అంటే పాత బండ్ల కబాడీలో, సరిపోయేది వెతికి వందే భారత్ విమానంలో ఖజూర్ డబ్బాల మధ్య పెట్టుకుని తెచ్చారు.

షెడ్డులో ఆ రోజు నేను మాఫీ అడిగాను. సెక్షన్ 52కు కాదు, పిల్లల ముందు అన్న మాటకు. భాయిజాన్ చేతులకు గ్రీజు ఉంది, గలే తగలడానికి మోచేతులు చాచారు. "నువ్విచ్చిన కాగితం ఇంకా ఉంది" అని పర్సులోంచి తీసి చూపించారు. నీళ్లలో తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. "ఇది మళ్లీ చదివి చెప్పు. ఈసారి మెల్లగా చెప్పు" అన్నారు.

ఇద్దరం కూర్చుని జాబితా వేశాం. మొదటి పని, టార్షన్ బార్ విప్పి అసలు ఎత్తుకు తేవడం. స్ప్రింగుల కింద బిళ్లలు తీసేయడం. టైర్లు కంపెనీ చెప్పిన సైజులోనే, మట్టికీ రోడ్డుకీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం. ఊపిరి గొట్టాలు పైకి. తర్వాత బండి లోపల ఒక పెట్టె. గాలి కొలిచే మీటరు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, పార, జాకీ కింద పెట్టడానికి చెక్క పలక, సాగే తాడు, ఛాసిస్‌కే బిగించిన ముందు వెనక కొక్కేలకు తగిన గట్టి షాకిల్స్, తాడు తెగితే ఎగరకుండా దాని మీద వేయడానికి ఒక పాత కంబళి. ఆ కంబళి అమ్మీది. మొత్తం ఖర్చు టైర్లు కాక పదిహేడు వేలు. ఒంటెను ముందు కట్టు, తర్వాత తవక్కుల్ చెయ్ అనే హదీస్ మనకు మదర్సాలోనే చెప్పారు. తాడు కొనడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది.

ఉస్తాద్ స్నార్కెల్ పెడదామన్నాడు. ఇంజన్ పీల్చే గాలిని కప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం అది. భాయిజాన్ వద్దన్నారు. "ముక్కు పొడుగైతే ధైర్యం పొడుగవుతుంది" అన్నారు. ఉస్తాద్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

2021లో బండికి పదిహేనేళ్లు నిండి ఖైరతాబాద్‌లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు తీసుకెళ్లాం. ఇన్‌స్పెక్టర్ చుట్టూ తిరిగి చూసి, "ఇంత ఒరిజినల్‌గా ఉంచారే" అన్నారు. భాయిజాన్ నా వైపు చూడలేదు, నేనూ ఆయన వైపు చూడలేదు. చూస్తే ఇద్దరం నవ్వేవాళ్లం. 2026తో ఇరవై ఏళ్లు. ఇరవై దాటిన కార్ల రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో కేంద్రం పది వేలు చేసింది. ఆ పది వేలు బిటియా ఇస్తానంది. అదే అమీర్‌పేట్ కోర్సుతో నౌకరీ తెచ్చుకుంది. షాదీ కూడా అయింది, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా. నేను కారులో అడిగిన సవాల్‌కు జవాబు అట్లా వచ్చింది.

పోయిన ఏడాది కోటపల్లికి మళ్లీ వెళ్లాం. బాట మొదట్లో భాయిజాన్ బండి ఆపి, దిగి, ప్యాంటు మడిచి, బురదలో నడిచారు. కర్రతో లోతు చూశారు. 32 ఉన్న గాలిని 20కి దించారు. లీవర్ లో రేంజ్‌లోకి వేసి తాళం నాకిచ్చారు. "నువ్వు నడుపు. కాలు అసలు నొక్కకు, దానంతట అదే పోతుంది" అన్నారు. ఆ యాభై గజాలు దాటడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అవతల చేనులో ఆ ట్రాక్టరాయన ఉన్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యెత్తాడు. ఆయనకు జవాబు చెప్పాలనిపించింది. కానీ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, తెచ్చిన బిర్యానీ డబ్బా ఒకటి ఇచ్చి వచ్చాం.

పంజగుట్ట అనే పేరు అయిదు గుట్టల నుంచి వచ్చిందంటారు. పంజ్ మనది, గుట్ట తెలుగుది, రెండూ మనవే. ఇప్పుడు అక్కడ గుట్టల్లేవు, ఫ్లైఓవర్ ఉంది. దాని పక్క గల్లీలో మా ఇంటి కింద పజెరో నిలబడి ఉంటుంది, భాయిజాన్ ఇంటి దగ్గర చోటు లేక. ఆదివారాలు ఆయన వచ్చి స్టార్ట్ చేసి, గాలి చూసి, పెట్టెలో తాడు, కంబళి ఉన్నాయో లేదో చూస్తారు. తర్వాత పైకి వచ్చి అమ్మీ దగ్గర కూర్చుంటారు. ఆమె జీపు రోజుల సంగతులు చెప్పమంటుంది, ఆయన చెబుతారు.

వానాకాలం మబ్బు కమ్మితే ఖాలా ఇప్పటికీ ముందు భాయిజాన్‌కే ఫోన్ చేస్తుంది. "బేటా, నీళ్లొస్తే వస్తావు కదా?" అని అడుగుతుంది. ఆయన ఇప్పుడు చెప్పే జవాబు ఒకటే.

"నీళ్లొచ్చాక రాను ఖాలా. ఇప్పుడే బయల్దేరుతున్నా. ఖాలూ దవాలు సర్దిపెట్టు."